కాదనడం రాని సర్వర్

నరసింహ ఇంటికి పని మీద వచ్చినవాళ్లెవరూ ‘కాదు’ అన్న మాట విని వెనక్కి పోలేదు. పని అయిందా అంటే, అది వేరే సంగతి. షామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో, ఔటర్ రింగు రోడ్డుకు ఇవతలగా ఉన్న ఊరికి ఆయన ఒక విడత సర్పంచిగా చేశాడు. పదవి పోయి ఏళ్లు గడిచినా, పొలాలు పోయి వెంచర్లు వచ్చినా, ఇంటి ముందు రేకుల కింద వేసిన కుర్చీలు ఖాళీ అయింది లేదు. ప్లాటు హద్దు తగాదా అని ఒకరు వస్తారు, ఇంటి మీది నుంచి పోయే కరెంటు తీగ మార్పించమని ఒకరు, కొడుకును ఏదైనా కంపెనీలో పెట్టించమని ఇంకొకరు. నరసింహ ఎవరి మాటైనా చివరిదాకా వింటాడు, చాయ్ తాగిస్తాడు, సూద్దాంతీయ్ నేనున్న గద అని భుజం తట్టి పంపుతాడు. పాపం, భుజం తట్టించుకున్నవాడు ఆ మాట పట్టుకుని నెలల తరబడి తిరుగుతాడు. అయినా నరసింహ మీద ఎవరికీ కోపం రాదు. రావాల్సిందే, కానీ ఆయన చాయ్ తాగిన నోటితో ఆయన్నే తిట్టడం ఎవరికైనా కష్టం.

అశ్రిత ఈ నరసింహ పెద్ద కూతురు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ కుర్చీల మధ్య చాయ్ గ్లాసులు అందిస్తూ పెరిగింది కాబట్టి, అడిగినవాళ్లను కాదనడం మహా తప్పని ఎవరూ చెప్పకుండానే ఆమెకు ఒంటబట్టింది. స్కూల్లో పక్కనున్న అమ్మాయి జామెట్రీ బాక్సు అడిగితే ఇచ్చేసి, పరీక్షలో తన వృత్తాలు చేతి గాజు పెట్టి గీసుకుంది. ఇంజినీరింగులో స్నేహితులు అడిగారని వాళ్ల ప్రాజెక్టులన్నీ చేసిపెట్టి, తనది మాత్రం అరకొరగా ఇచ్చుకుంది. తల్లి విజయమ్మకు ఈ గుణం చూస్తే ఒళ్లు మండేది. ఒక్కపారి లేదంటె నీ నోరేం పోతదే అని కేకలేసేది. నరసింహ మాత్రం బిడ్డది అచ్చం తన పోలికే అని మురిసిపోయేవాడు. పోలిక నిజమే గానీ, ఒక తేడా ఉంది. తండ్రి సూద్దాం అని మరిచిపోతాడు. కూతురు సూద్దాం అన్నాక నిజంగానే కూర్చుని చూస్తుంది, ఏదో ఒక దారి దొరికేదాకా లేవదు. దాంతో ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు ఇంకా ఎక్కువయ్యారు.

చదువయ్యాక కుత్బుల్లాపూర్‌లో, మందుల కంపెనీల యంత్రాలకు కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే చిన్న సంస్థలో చేరింది. యంత్రాలకు కూడా భాషలుంటాయని, ఒకదాని భాష ఇంకోదానికి రాదని ఆమెకు అక్కడే తెలిసింది. సీసాలు కడిగే యంత్రం ఒకరు చేస్తారు, మందు నింపేది ఇంకొకరు చేస్తారు, మూత బిగించేది ఎక్కడి నుంచో వస్తుంది. వీటన్నిటి సంగతులూ ఒకే తెర మీద కనబడాలని ఫ్యాక్టరీవాళ్లు పట్టుబడతారు. అందుకోసం ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక ప్రమాణం ఉంది. యంత్రం తన వేడిని, వేగాన్ని ఏ పద్ధతిలో చెప్పాలి, ఎవరైనా ఏదైనా అడిగితే ఎలా జవాబివ్వాలి, ఇవన్నీ లావుపాటి సంపుటాల్లో రాసిపెట్టారు. ఆ ప్రమాణం ప్రకారం యంత్రంలో కూర్చుని, అడిగినవాళ్లకు జవాబులు చెప్పే సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ అంటారు. విదేశీ కంపెనీలు అమ్మే సర్వర్లు ఉన్నాయి. వాటి ధర వింటేనే కుత్బుల్లాపూర్ షెడ్లవాళ్లు కుర్చీలోంచి లేచి వెళ్లిపోయేవారు.

అశ్రిత ఖాళీ దొరికినప్పుడల్లా తనే ఒక సర్వర్ రాయడం మొదలుపెట్టింది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి తిరిగి పంపవచ్చు అంటూ ఓపెన్ సోర్స్ పద్ధతిలో ఇంటర్నెట్‌లో పెట్టింది. దానికి ‘ముచ్చట’ అని పేరు పెట్టింది. యంత్రాలు మాట్లాడుకునేది ముచ్చట కాక మరేమిటని ఆమె వాదన. ఆ పేరు పలకలేక పోలండులో ఒకాయన, బ్రెజిల్‌లో ఒకావిడ నానా తంటాలు పడ్డారు గానీ, పని బాగుందని వాళ్లూ తలా ఒక చెయ్యి వేశారు. ఆమె ఉద్యోగం చేసే చోట మాత్రం నవ్వారు. ఊరికే వచ్చినదాన్ని యంత్రంలో పెడితే కొనేవాడు నమ్మడన్నారు.

నమ్మినవాడు లింగం ఒక్కడే. లింగం అప్పటికే యాభై దాటినవాడు. తాను ఫిట్టరుగా చేసిన ఫ్యాక్టరీ మూతపడితే, కుత్బుల్లాపూర్ కాలనీ చివర రేకుల షెడ్డు వేసుకుని, మందు సీసాలు కడిగి వేడిగాలితో ఆరబెట్టే యంత్రాలు చేయడం మొదలుపెట్టాడు. సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. అశ్రిత ఒకసారి ప్యానెల్ బిగించడానికి వెళ్లి, సాయంత్రం దాకా ఉండి, తనది కాని పని కూడా చేసిపెట్టి వచ్చింది. గీ పిల్ల మంచిది, ఈమె ఏది పెట్టినా మంచిదే అయి ఉంటుందని ఆయన తేల్చేసుకున్నాడు. అట్లా ముచ్చట మొట్టమొదట ఎక్కింది లింగం యంత్రంలోనే. ఆమె ఆయన్ను కాకా అని పిలిచేది, ఆయన బిడ్డా అనేవాడు.

కొన్నాళ్లకు లింగం పరేషాన్‌గా ఫోన్ చేశాడు. యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతోందన్నాడు. వెళ్లి చూస్తే తప్పు ముచ్చటది కాదు. ఆయన ఖర్చు తగ్గుతుందని మూతపడిన ఫ్యాక్టరీల నుంచి పాత కంట్రోలర్లు ఏరుకొచ్చి పెడుతున్నాడు. హీటర్ దగ్గరున్న సెన్సర్ వేడి ఎంతో చెబితే, ఆ సంగతి సర్వర్‌కు మోసుకొచ్చే డబ్బా ఈ కంట్రోలర్. పాతదైపోయి అది మధ్యమధ్య తడబడుతుంది, ఏదో పిచ్చి అంకె పంపుతుంది, లేదా ఏమీ పంపదు. వేడి తెలియలేదని సర్వర్ చెప్పగానే యంత్రం ఆగిపోతుంది. ఆగాలి కూడా. కంట్రోలర్లు మార్చుకో కాకా అని ఒక్క మాట చెప్పి అశ్రిత ఇంటికి పోవాల్సింది. అంత మాట ఆ నోట ఎట్లా వస్తుంది? ఆమె కూర్చుని ముచ్చటకే కొత్త బుద్ధి నేర్పింది. కంట్రోలర్ నుంచి సరైన కబురు రానప్పుడు, అంతకుముందు వచ్చిన వేడినే మళ్లీ చెప్పమంది. ఇది పాత కబురు అని గుర్తు పెడితే యంత్రం మళ్లీ మొరాయిస్తుంది కాబట్టి ఆ గుర్తు కూడా పెట్టలేదు. కోడ్‌లో ఆ భాగానికి ‘మొహమాటం’ అని పేరు పెట్టింది. పోలండు ఆయన ఈ మాటకు అర్థమేమిటని అడిగితే, ఎంత ఆలోచించినా ఇంగ్లీషులో దొరక్క, మర్యాద లాంటిదని రాసి ఊరుకుంది.

లింగం యంత్రం ఆ తర్వాత ఆగలేదు. ఆయన కనబడినవాళ్లందరికీ అశ్రిత పేరు చెప్పుకుని తిరిగాడు. ఆయన మాట విని ఇంకో షెడ్డువాళ్లు, వాళ్ల మాట విని మరొకరు ముచ్చట పెట్టుకున్నారు. అడిగినవాళ్లందరి పాత డబ్బాలకూ తగినట్టు ఆమె ముచ్చటను సర్దుతూ పోయింది. ఉద్యోగం మానేసి మేడ్చల్‌లో హైవే పక్కన, టైర్ల దుకాణం పైన ఆఫీసు తీసుకుని, ముచ్చట వాడేవాళ్లకు తోడ్పడటమే బతుకుతెరువు చేసుకుంది. పెళ్లయి బహదూర్‌పల్లిలో కాపురం పెట్టింది. భర్త శ్రీకాంత్ అక్కడే ఒక స్కూల్లో లెక్కల మాస్టారు. ఈమె ఫోన్ మోగినప్పుడల్లా ఇగ అన్నం సల్లారినట్టే అనుకుని ఆయన ఒక్కడే తినేసేవాడు.

ఇట్లా సాఫీగా సాగుతుండగా, షామీర్‌పేట వైపున్న టీకాల ప్లాంట్లలో ఒకటి కొత్త నిబంధన పెట్టింది. ఇక మీదట తాము కొనే ప్రతి యంత్రంలోనూ, ప్రమాణానికి సరిపోతుందని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చిన సర్వరే ఉండాలంది. ఒక ప్లాంటు మొదలుపెడితే మిగతావీ అదే దారి పట్టాయి. కుత్బుల్లాపూర్ షెడ్ల వాళ్లకు గుండె జారింది. విదేశీ సర్వర్ కొనలేరు, ముచ్చటకు సర్టిఫికెట్ లేదు. ఆ ప్లాంట్ల గేటు తమకు ఇక మూసినట్టేనని, అంతా కలిసి తమ సంఘం తరఫున అశ్రిత దగ్గరికి వచ్చారు. ల్యాబు ఖర్చు మేం పెట్టుకుంటాం, నువ్వు సర్టిఫికెట్ తెప్పియ్యాలె అన్నారు. ఆమె సరేనంది. కాదంటుందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల పొరపాటు.

వచ్చినవాళ్లలో లింగం కూడా ఉన్నాడు. ఆయనకు ఆ టీకాల ప్లాంటు నుంచి సీసాలు కడిగే యంత్రాల ఆర్డరు దాదాపు ఖాయమైంది. సర్టిఫికెట్ ఒక్కటి ఉంటే చాలు, యంత్రాలు తీసుకుంటామన్నారు. బతుకులో అంత పెద్ద ఆర్డరు ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ వారంలోనే ఆయన పాత సామాన్ల దుకాణం నుంచి అశ్రితకు ఫోన్ చేశాడు. మూతపడిన ఏదో ఫ్యాక్టరీ నుంచి కంట్రోలర్లు దిగాయట, అన్నీ ఒకే రకమట.

“గీ డబ్బాలు నడుస్తయా బిడ్డా? రేపు సర్టిఫికెట్ అచ్చినంక గూడ?”

అశ్రితకు లోపల ఎక్కడో అనుమానం మెదిలింది. మొహమాటాన్ని పరీక్షలో ఒప్పుకుంటారో లేదో ఆమె ఇంకా చదివి చూడలేదు. ఒప్పుకోరేమోనని కూడా అనిపించింది. కానీ ఫోన్లో లింగం గొంతు అంత హుషారుగా ఉంటే ఆ అనుమానం పైకి తీయడానికి ఆమెకు మనసు రాలేదు.

“సూద్దాం కాకా. నేను ఏదో ఒకటి జేస్త.”

లింగం మొత్తం సరుకు కొనేశాడు.

పరీక్ష చేసే ల్యాబు యాప్రాల్‌లో, కాలనీల మధ్య ఒక మేడలో ఉంది. అక్కడి ఇంజినీరు పేరు అనూహ్య. ఆమె వాళ్లది కాకినాడ వైపు, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే యాప్రాల్ వచ్చి స్థిరపడ్డారు. మాట మెత్తగా, అండీ గిండీలతో ఉంటుంది, కానీ గీసిన గీత దాటనివ్వదు. మొదటి రోజే ఆమె సర్వర్‌కు యజమాని ఎవరని అడిగింది. అశ్రిత ఎవరూ కాదంది, మళ్లీ అందరూ అంది. ఇన్ని దేశాలవాళ్లు రాశారు, ఎవరి ముక్క వాళ్లదే అని చెప్పింది. అలాగైతే రేపు తప్పు జరిగితే ఎవరిని అడగాలండీ అని అనూహ్య నెమ్మదిగా అడిగింది. చివరికి యంత్రాల తయారీదారుల సంఘం దరఖాస్తుదారుగా నిలబడింది, అశ్రిత జవాబుదారీగా పేరు ఇచ్చింది.

రెండో చిక్కు ఇంకా తమాషా అయినది. పరీక్షకు ఇచ్చిన కోడ్‌లో ఒక్క అక్షరం మారినా అది వేరే సాఫ్ట్‌వేర్ కిందే లెక్క. ఫలానా ప్రతి అని గుర్తు వేసి, దాన్ని ముట్టుకోకూడదు. ఈలోగా బ్రెజిల్ ఆవిడ చక్కటి మార్పు ఒకటి పంపింది. ఎంతో కష్టపడి రాసిందాయె, వద్దంటే ఏమనుకుంటుందోనని అశ్రిత దాన్ని చేర్చేసింది. అనూహ్య పరీక్షలు మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత పోలండు ఆయన కూడా ఒకటి పంపితే, మళ్లీ చూస్తానని జవాబు రాయడానికి అశ్రిత సగం పూట తంటాలు పడింది. ఇప్పుడు వద్దు అని రాస్తే ఒక్క నిమిషంలో అయిపోయేది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ముచ్చట చాలా పరీక్షలు నెగ్గింది. అడిగిన సంగతి అడిగినట్టు చెప్పింది, ఒకేసారి ఎంతమంది అడిగినా తొణకలేదు. అశ్రిత కుర్చీలో వెనక్కి వాలింది. అప్పుడు అనూహ్య బల్ల మీది కంట్రోలర్ నుంచి సెన్సర్ వైరు పీకి చేతిలో పట్టుకుంది. తెర మీద అంకె మారలేదు. కాసేపు ఆగింది. అయినా మారలేదు.

“వైరు నా చేతిలో ఉందండీ,” అంది అనూహ్య. “మీ సర్వర్ మాత్రం వేడి సరిగ్గానే ఉందంటోంది.”

అశ్రిత సర్ది చెప్పబోయింది. పాత కంట్రోలర్లు తడబడతాయని, ఊరికే యంత్రం ఆగిపోతే చిన్నవాళ్లకు కష్టమని, అందుకే ఈ ఏర్పాటని, అసలు ఈ భాగం బాగుందని బయటి దేశాలవాళ్లు కూడా మెచ్చుకున్నారని చెప్పింది. అనూహ్య చివరిదాకా విన్నది. విని, ఆ వేడి దేనికోసమండీ అని అడిగింది. కడిగిన సీసాల్లో సూక్ష్మజీవులు చచ్చిపోవడానికి అని అశ్రిత చెప్పింది. అంటే హీటర్ ఆరిపోయిన రోజు కూడా మీ సర్వర్ అది వెలుగుతోందనే చెబుతుంది, ఆ సీసాలో టీకా నింపి ఎవరో ఒక పసిపిల్లకు వేస్తారు అంది అనూహ్య. గొంతు పెంచలేదు, నిష్ఠూరం ఆడలేదు. తెలియనప్పుడు తెలియదని చెప్పడం ఈ ప్రమాణంలో అన్నిటికంటే ముందున్న నియమం అని చెప్పి, ఫెయిల్ అని నమోదు చేసి వైరు మళ్లీ తగిలించింది.

అశ్రిత సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నేళ్లూ ఎవరి యంత్రమూ ఆగకుండా చూడటమే మంచి పని అనుకుంది తప్ప, ఆగాల్సిన యంత్రాన్ని ఆగనివ్వడం లేదన్న ఆలోచనే ఆమెకు రాలేదు. అదృష్టం బాగుండి లింగం యంత్రాలు ఇప్పటిదాకా పోయింది తలనూనెల కంపెనీలకు, దగ్గుమందు కంపెనీలకు. వాటి పని సీసాలు కడిగి తడి ఆర్చడం వరకే, ఎక్కడా ఏ అనర్థమూ జరగలేదు.

అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తేలిగ్గా పోతుందా? మర్నాడు మళ్లీ ల్యాబుకు వెళ్లి, ఒక స్విచ్ పెడితే ఎలా ఉంటుందని అడిగింది. కావాల్సినవాళ్లు మొహమాటాన్ని తెరుచుకుంటారు, వద్దన్నవాళ్లు మూసుకుంటారు, ఇద్దరికీ నొప్పి ఉండదు. అనూహ్య పెట్టుకోండి అంది. కానీ మూసి ఉన్నప్పటికే సర్టిఫికెట్ వర్తిస్తుంది, ప్లాంటువాళ్లు అది మూసి ఉందో లేదో చూసుకునే యంత్రం తీసుకుంటారు అని కూడా చెప్పింది. అంటే ఆ స్విచ్ ఎవరికి పనికొచ్చినా లింగానికి పనికిరాదు. ఆయన షెడ్డులో ఇప్పుడు తయారవుతున్నవన్నీ ఆ పాత కంట్రోలర్లతోనే ఉన్నాయి. మొహమాటం మూస్తే అవి ప్లాంటులో గంటకోసారి ఆగిపోతాయి. మంచి కంట్రోలర్లు తెప్పించి, విప్పి, మళ్లీ బిగించేలోగా ప్లాంటు ఇచ్చిన గడువు దాటిపోతుంది. మొహమాటం తీయకపోతే సంఘంలో ఎవరికీ సర్టిఫికెట్ రాదు.

ఆ ఆదివారం తల్లిగారింటికి వెళితే, కూతురి ముఖం చూసి నరసింహ సంగతి అడిగి తెలుసుకున్నాడు. సగం వినగానే ఆయనకు హుషారు వచ్చింది. ఇది తన చేతిలో పని.

“గా ప్లాంటుల మనోడు ఒకడున్నడు బిడ్డా. ఒక్క మాట జెప్పిస్త. లింగం మిషన్లు సూసీ సూడనట్టు తీసుకుంటరు.”

అశ్రితకు ఒక్క క్షణం, అంతే, ప్రాణం లేచి వచ్చింది. తండ్రి చెప్పిస్తే నిజంగానే అయిపోవచ్చు. సర్టిఫికెట్ వస్తుంది, లింగం ఆర్డరు నిలుస్తుంది, ఎవరితోనూ చేదు మాట ఆడాల్సిన అవసరం ఉండదు. అప్పుడే అనూహ్య చేతిలోని వైరు గుర్తొచ్చింది.

“వద్దు బాపు,” అంది.

నరసింహ నవ్వి, ఊరుకో, నేను సూసుకుంట గద అన్నాడు. ఆమె మళ్లీ వద్దంది. ఆ సీసాలల్ల పోసేది పిల్లలకిచ్చే టీకా, నువ్వు ఎవ్వరికీ ఫోన్ చెయ్యొద్దు అంది. ఆ ఇంట్లో ఆయనతో అట్లా మాట్లాడినవాళ్లు లేరు. నరసింహ చిన్నబుచ్చుకుని తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. విజయమ్మ మాత్రం ఆ పూట కూతురికి అడగకుండానే ఇంకో గరిటె కూర వేసింది.

సోమవారం పొద్దున అశ్రిత కుత్బుల్లాపూర్ వెళ్లింది. ఫోన్లో చెప్పేస్తే సరిపోతుందని శ్రీకాంత్ అన్నాడు గానీ, ఫోన్లో అయితే తను మళ్లీ ఏదో ఒకటి నసుగుతానని ఆమెకు తెలుసు. షెడ్డులో యంత్రాలు కొత్త రంగుతో వరుసగా నిలబడి ఉన్నాయి. లింగం ఆమెను చూసి సంబరంగా ఎదురొచ్చాడు. నిమ్మకాయలు, మిరపకాయలు అప్పుడే కట్టించానన్నాడు. ప్లాంటు నుంచి లారీ ఏ రోజు వస్తుందో, ఆ రోజు పూజకు అయ్యగారిని కూడా మాట్లాడానన్నాడు. ఒక యంత్రం నడిపించి చూపించాడు. అది చక్కగా నడిచింది. తలుపు సందులోంచి వేడిగాలి ముఖానికి కొట్టింది. చాయ్ తెప్పిస్తానంటే అశ్రిత వద్దని, నిలబడే మాట్లాడింది.

“కాకా, గీ కంట్రోలర్లు ప్లాంటుల నడవయి. నేను ముచ్చటల పెట్టిన సర్దుబాటు తప్పు. దాన్ని తీసేస్తున్న. తీసినంక గీ మిషన్లు ఆగిపోతుంటయి.”

లింగానికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఆయన గాభరా పడలేదు. ఇన్నేళ్లలో ఆమె దగ్గరికి ఏ చిక్కు తెచ్చినా విడిపోయింది కాబట్టి, ఇదీ విడిపోతుందనే ఆయన ధీమా.

“ఇంకో తొవ్వ ఏదన్న జూడు బిడ్డా.”

సూద్దాం అన్న మాట అశ్రిత నాలుక చివరిదాకా వచ్చింది. అది అనేస్తే ఈ పూటకు గండం గడుస్తుంది, ఆయన ముఖంలో ఆ వెలుగు ఇంకో నాలుగు రోజులు ఉంటుంది.

“లేదు కాకా. ఇంకో తొవ్వ లేదు.”

లింగం యంత్రం ఆపేశాడు. ఫ్యాను చప్పుడు నెమ్మదిగా తగ్గి ఆగిపోయేదాకా దాని పక్కనే నిలబడ్డాడు. ఆయన అరుస్తాడని, తిడతాడని అశ్రిత సిద్ధపడి వచ్చింది. తిట్టి ఉంటే ఆమెకు కాస్త ఊపిరి ఆడేది. ఆయన చాలా మామూలుగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు అన్నాడు.

“గా దినం నేను దుకాణంల నిలవడి నీకు ఫోన్ జేసిన. గప్పుడు గీ మాట అంటె ఆడికెల్లే మర్లి అస్తుంటి.”

తప్పు నాదే కాకా అంది. లింగం తల ఊపాడు. కాదని మాత్రం అనలేదు.

మొహమాటం తీసేసిన ముచ్చటను అనూహ్య మొదటి నుంచి పరీక్షించింది. ఈసారి వైరు పీకగానే వేడి తెలియడం లేదని సర్వర్ టక్కున చెప్పింది. సర్టిఫికెట్ వచ్చింది. ఓపెన్ సోర్స్ సర్వర్‌కు ఇట్లాంటి సర్టిఫికెట్ తెచ్చుకున్నందుకు సంఘంవాళ్లు శాలువా కప్పారు, పోలండు నుంచి, బ్రెజిల్ నుంచి అభినందనలు వచ్చాయి, మేడ్చల్ ఆఫీసులో కేకు కూడా కోశారు. టీకాల ప్లాంటు ఆర్డరు కుత్బుల్లాపూర్‌లోనే ఇంకో తయారీదారుకు పోయింది. ఆయన యంత్రాల్లో ఉన్నదీ ముచ్చటే. లింగం యంత్రాలు షెడ్డులో చాలాకాలం నిలబడి, చివరికి ఒక్కొక్కటిగా తలనూనెల కంపెనీలకు వెళ్లాయి. అక్కడ పాత ముచ్చటే నడుస్తుంది, ఎవరికీ ప్రమాదం లేదు. సంఘం సమావేశాలకు ఆయన రావడం మానేశాడు. దారిలో ఎదురుపడితే బాగున్నవా బిడ్డా అని అడిగేవాడు, అంతకు మించి ఆగేవాడు కాదు. అశ్రితకు శాలువా బీరువాలో కనబడినప్పుడల్లా దుఃఖం వచ్చేది. కొన్నాళ్లకు దాన్ని తీసి తల్లికిచ్చేసింది.

ఆమెలో మార్పు వచ్చిందా అంటే, వచ్చింది గానీ మెల్లగా వచ్చింది. ఎవరైనా పాత కంట్రోలర్ పట్టుకొస్తే ఇది పనికిరాదని చెప్పడం నేర్చుకుంది. మొదట్లో అట్లా చెప్పి, వాళ్లు మెట్లు దిగేదాకా తలుపు వైపే చూస్తూ కూర్చునేది. కొందరు నొచ్చుకున్నారు. సర్టిఫికెట్ రాగానే పొగరెక్కిందని ఒకాయన టైర్ల దుకాణం ముందు నిలబడి మరీ అన్నాడు. ఆ మాట పైకి వినబడింది. ఆ రోజంతా ఆమెకు పని సాగలేదు.

వానాకాలం వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం లింగం మేడ్చల్ ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో సంచి. అశ్రిత లేచి కుర్చీ జరిపింది, చాయ్ తెమ్మంటానంది. ఆయన కూర్చోలేదు, చాయ్ వద్దన్నాడు. సంచిలోంచి ఒక కంట్రోలర్ తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకో టీకాల ప్లాంటు యంత్రాలు అడుగుతున్నదని, ఇట్లాంటి కంట్రోలర్లు ఒక వ్యాపారి దగ్గర ఉన్నాయని, మంచివేనని అతను ఒట్టు పెడుతున్నాడని చెప్పాడు. ఆ వ్యాపారి కింద ఆటోలోనే కూర్చుని ఉన్నాడట.

“నువ్వు జూసి జెప్పు. కాదంటె కాదను.”

అశ్రిత దాన్ని ముచ్చటకు తగిలించింది. మొదట బాగానే నడిచింది. చాలాసేపు బాగానే నడిచింది. లింగం తెరను చూడటం లేదు, ఆమె ముఖం చూస్తున్నాడు. వేడి పెంచుతూ పోగా కంట్రోలర్ ఒక్కసారి తడబడింది. ముచ్చట వేడి తెలియదంది. పొరపాటేమోనని అశ్రిత మళ్లీ చేసి చూసింది. మళ్లీ అదే తడబాటు. అంతదూరం నుంచి, అన్నాళ్ల తర్వాత, తన మెట్లెక్కి వచ్చిన మనిషికి మొదట చెప్పే మాట ఇదా అని ఆమె కళ్లు నిండాయి.

“కాదు కాకా. ఇది పనికిరాదు.”

లింగం వైర్లు తనే ఊడదీశాడు. డబ్బా సంచిలో వేసుకుని మెట్లు దిగాడు. అశ్రిత కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన ఆటో దగ్గరికి వెళ్లి సంచి వ్యాపారి ఒడిలో పెట్టాడు. వ్యాపారి చేతులు తిప్పుతూ ఏదో చెప్పబోయాడు, లింగం తల అడ్డంగా ఊపాడు. ఆటో మేడ్చల్ బస్టాండు వైపు వెళ్లిపోయింది. ఆయన కూడా అటే నడుస్తాడని అశ్రిత అనుకుంది. లింగం మళ్లీ మెట్లెక్కి వచ్చి, ఆమె ఇందాక జరిపిన కుర్చీలో కూర్చుని, మోకాళ్లు రుద్దుకున్నాడు.

“ఇగ చాయ్ తెప్పియ్యి బిడ్డా,” అన్నాడు.